మార్చి ముప్పై ఒకటి లోపు

పదకొండో భాగం

కరీంనగర్ నీటిపారుదల శాఖ ఆఫీసు నుంచి వచ్చిన మెమో ఇంక సదానందం కోటు జేబులోని రహస్యం కాదు. జీతం లేని సెలవు పెట్టి అతను బ్రిటన్‌లోని కార్డిఫ్ వచ్చి ఐదేళ్లు నిండబోతున్నాయి. 2005 మార్చి ముప్పై ఒకటి లోపు వెళ్లి డ్యూటీలో చేరాలి. చేరకపోతే తనంతట తానే రాజీనామా చేసినట్టు రాసుకుంటారు, పన్నెండేళ్ల సర్వీసు పోయినట్టే. ఇక్కడేమో నగర కౌన్సిల్ డ్రైనేజీ సెక్షన్‌లో అతనిది మూడు నెలలకోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. అదే సెక్షన్‌లో పర్మనెంట్ ఇంజినీరు పోస్టుకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కాని ఆ ఇంటర్వ్యూ ఏప్రిల్ ఐదున. అక్కడిది వదిలేశాక గాని ఇక్కడిది దొరుకుతుందో లేదో తెలియదు.

నర్సుగా పనిచేస్తున్న భార్య వరలక్ష్మికి ఆ మెమో బట్టలుతికే మిషన్ దగ్గర దొరికింది. ఆమెకంటే ముందే దాన్ని చదివిన మనిషి ఆ ఇంట్లో ఇంకొకరున్నారు. నాలుగు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన సదానందం తండ్రి పాండురంగం. ఆయన ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. లండన్ పక్కన హారోలో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేసి, ఇరవై ఎనిమిదో తారీఖుకు కొడుకు పేర హైదరాబాదు విమానం టికెట్ కొనిపించాడు. మంగళవారం సాయంత్రం ఆ టికెట్ పోస్టులో వచ్చి తలుపు దగ్గర పడింది.

* * *

సదానందం టికెట్ మీద తన పేరు రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇదేంది నాయినా?"

"టికెట్."

"టికెటని కనబడ్తనే ఉన్నది. నన్నడగకుంట ఎట్ల తీపిచ్చినవ్?"

"అడిగితె నువ్వు వద్దంటవ్. నువ్వు వద్దన్నంక తీపిస్తె నీ మాట కొట్టేసినట్టయితది. అందుకే అడగకముందే తీపిచ్చిన," అన్నాడు పాండురంగం. ఆయన సోఫా అంచు మీద, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇంట్లో హీటర్ ఉన్నా మంకీ క్యాపు తీయడు.

హోంవర్క్ చేసుకుంటున్న పన్నెండేళ్ల ప్రణీత తలెత్తింది. "తాతా, దట్స్ సో నాట్ ఫెయిర్! డాడ్‌ని అడగాలి కదా!"

"నువ్వు సదువుకో బిడ్డా," అన్నాడు తాత.

వరలక్ష్మి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గొంతు పెంచకుండానే అడిగింది. "మామా, ఆయన పోతె మేమెట్ల? డ్యూటీ రోటాల నాకు వారానికి రెండు నైట్లు పడ్తయ్. పిల్ల ఒక్కతే ఎట్లుంటది?"

"మీరు సుత రాన్రి. అక్కడ దవాఖానలు లేవా?"

"ఉన్నయ్. గని ఐదేండ్లు ఇక్కడి పని నేర్చుకున్న మామా. ఎండాకాలంల నన్ను వార్డు సిస్టర్‌ను చేస్తమంటున్నరు." ఆమె భర్త వైపు చూసింది. "నేను ఆయనను పొమ్మని అంటలేను, ఉండుమని అంటలేను. మీరు సుత అనకున్రి."

పాండురంగం కొడుకు వైపు తిరిగాడు.

"నాకొక్కటే సమజైతలేదు. పర్మనెంటు నౌకరి ఇడిచిపెట్టి, ఈ టెంపరవరిది పట్టుకొని ఎన్ని దినాలు యాలాడ్తవ్? నలభై రెండేండ్లొచ్చినయ్ నీకు. మూన్నెల్లకోపాలి ఒకని సంతకం కోసం సూసుడేంది?"

ఆ మాట సదానందానికి తగలాల్సిన చోటే తగిలింది. ఐదేళ్లలో అతను కరీంనగర్‌కు చేసిన ప్రతి ఫోన్లోనూ 'కౌన్సిల్ల ఇంజినీరుగ చేస్తున్న' అనే చెప్పుకున్నాడు. మొదటి రెండేళ్లు గిడ్డంగిలో పెట్టెలు మోశాడని చెప్పలేదు. కౌన్సిల్లో చేరాక కూడా, ఏజెన్సీ ద్వారా వచ్చిన తాత్కాలికపు మనిషినని చెప్పలేదు. తండ్రి ఇక్కడికొచ్చి కళ్లారా చూశాకే ఈ తాత్కాలికపు సంగతి బయటపడింది.

ఎవరి మీద కోపమో తెలియకుండా అతను టికెట్ టేబుల్ మీద పెట్టి, పడకగదిలోకి వెళ్లిపోయాడు.

* * *

బుధవారం పొద్దున ఏడు గంటలకు ఫోన్ మోగింది. రాత్రంతా కురిసిన వాన ఇంకా తగ్గలేదు. ఊరి ఉత్తరం వైపు ఒక చిన్న వాగు, రోడ్డు కిందున్న తూములోకి దూరే చోట పూడుకుపోయిందనీ, నీళ్లు పక్కిళ్ల పెరళ్లలోకి ఎక్కుతున్నాయనీ కబురు.

వరలక్ష్మి అప్పటికే ఎర్లీ షిఫ్టుకు వెళ్లిపోయింది. ప్రణీతను స్కూల్లో దింపి అటే వెళ్లాలనుకుని సదానందం బూట్లు వేసుకుంటుంటే, పాండురంగం కోటు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"నేనొక్కన్ని ఇంట్ల కూసుండి ఏంజేయాలె? నేను సుత వస్త."

"వానల ఎందుకు నాయినా?"

"వానలనే గద వాగు చూడాలె."

కార్లోంచి దిగకూడదన్న షరతు మీద సదానందం ఒప్పుకున్నాడు. రాత్రి మాటల తర్వాత ఇద్దరి మధ్యా ఏదో బిగుసుకుని ఉంది. రోత్ పార్కు దాటుతున్నప్పుడు మాత్రం పాండురంగం, ఈ ఊరికి వచ్చిన రోజున అన్న మాటే మళ్లీ అన్నాడు. "పార్కు ఇంత మంచిగున్నది, దీనికి రోత అని పేరెందుకు పెట్టిన్రో." వెనక సీట్లో ప్రణీత పకపకా నవ్వింది. సదానందానికీ నవ్వు వచ్చింది గాని మింగేశాడు.

ప్రణీతను స్కూల్లో దింపి వచ్చేసరికి, వాగు దగ్గర ముగ్గురు పనివాళ్లు పసుపు కోట్లలో నిలబడి ఉన్నారు. తూము మూతికి అడ్డంగా ఉన్న ఇనుప జాలీ కనిపించడమే లేదు. విరిగిన కొమ్మలు, తడిసి ఉబ్బిన పరుపు, సూపర్‌మార్కెట్ ట్రాలీ ఒకటి, వాటి నిండా చెత్త చుట్టుకుని గోడలా తయారయ్యాయి. నీళ్లు గోధుమ రంగులో సుడి తిరుగుతున్నాయి. ఒక ఇంటి పెరట్లో పిల్లల ఊయల కాళ్లు సగం మునిగాయి. ఆ ఇంటి ముసలావిడ ఇసుక సంచుల వెనక నిలబడి వీళ్లకేసి చూస్తోంది.

చెత్త లాగే యంత్రం రావాలంటే రెండు గంటలు పడుతుందని పనివాళ్లలో పెద్దవాడు డేవ్ చెప్పాడు. నీళ్లు ఇంత వడిగా ఉంటే మనిషిని దింపడానికి లేదు.

సదానందం వాగు వెంట పైకి చూశాడు. పోయినేడాది ఈ వాగు పొడవునా నడిచి పటం గీసింది అతనే. ఎగువన మైలున్నర దూరంలో ఒక పార్కులో కొలను ఉంది. దాని నీళ్లు వాగులోకి దిగే చోట చేత్తో తిప్పే పాత గేటు ఒకటి ఉంది. ఎవరూ వాడటం లేదని రాశాడు గాని, తిప్పి చూస్తే అది తిరిగింది. ఇప్పుడు ఆ గేటు దింపితే కొలను కాసేపు నీళ్లను ఆపుకుంటుంది. ఒక గంట చాలు.

అతను ఫోన్ తీసి తన మేనేజర్ గ్వెన్‌కు చేశాడు. ఆమె రెండే ప్రశ్నలు అడిగింది. కొలనులో ఎంత జాగా ఉంది? గట్టుకు ప్రమాదం లేదు కదా? అతను లెక్క చెప్పాడు. "సరే, పార్కు వాళ్లకు నేను చెప్తాను. నువ్వు చెప్పినప్పుడు దింపుతారు, నువ్వు చెప్పినప్పుడు ఎత్తుతారు," అంది ఆమె.

గేటు దిగిందని ఫోన్ వచ్చింది. అయినా నీళ్లు తగ్గినట్టు కనపడలేదు. పావుగంట గడిచింది. డేవ్ పెదవి విరుస్తున్నాడు. సదానందం మళ్లీ గడియారం చూసుకున్నాడు. తన లెక్క తప్పిందా?

అప్పుడు వెనక నుంచి కేక వినిపించింది.

"బెత్తెడు దిగినయ్!"

పాండురంగం ఎప్పుడు కారు దిగాడో ఎవరూ చూడలేదు. గొడుగు చంకలో పెట్టుకుని గోడ పక్కన వంగి ఉన్నాడు. వచ్చిన వెంటనే ఒక రాయితో గోడ మీద నీటి మట్టం దగ్గర గీత గీసి పెట్టుకున్నాడట. ఇప్పుడు ఆ గీతకూ నీళ్లకూ మధ్య అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపిస్తున్నాడు.

"ఆయన ఏమంటున్నాడు?" అడిగాడు డేవ్.

"నీళ్లు మూడంగుళాలు తగ్గాయంటున్నాడు."

ఇంకో పావుగంటకు "జానెడు!" అన్న కేక వచ్చింది. డేవ్ ఆ మాటకు అర్థం అడగలేదు, వెంటనే నడుముకు తాడు కట్టుకున్నాడు. అరగంటలో ట్రాలీ ఒడ్డుకొచ్చింది. తర్వాత పరుపు కదిలింది, అది కదలగానే మిగతాదంతా పెద్ద చప్పుడుతో విడిపోయింది. తూము నీళ్లు తాగడం మొదలుపెట్టింది. సదానందం ఇక గేటు మెల్లగా ఎత్తమని ఫోన్ చేశాడు. ముసలావిడ సంచుల వెనక నుంచి చప్పట్లు కొట్టింది.

కాసేపటికి గ్వెన్ రబ్బరు బూట్లలో దిగింది. యాభై దాటిన స్థానిక వెల్ష్ మనిషి, తడిసిన జుట్టును చేత్తో వెనక్కి తోసుకుంటూ జాలీ వైపూ వాగు వైపూ చూసింది. తర్వాత నేరుగా పాండురంగం దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది. ఆయన కంగారుగా మంకీ క్యాపు సర్దుకుని చెయ్యి ఇచ్చాడు.

"మీ నాన్నగారు కూడా ఇంజినీరేనా?" అని సదానందాన్ని అడిగింది.

"కాదు, కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్. ఇరవై ఎనిమిదేళ్లు గవర్నమెంట్ సర్వీసు చేశారు," అన్నాడు సదానందం. ఆ ఇంగ్లీషు వాక్యంలో ముక్కలు పాండురంగానికి అర్థమయ్యాయి. అప్పటిదాకా వెలిగిపోతున్న ముఖం నెమ్మదిగా మారింది.

* * *

బట్టలు తడిసి ఉన్నాయని ఇద్దరూ రోడ్డు పక్క చిన్న కేఫ్‌లో కూర్చున్నారు. అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. రెండు పెద్ద మగ్గుల్లో టీ వచ్చింది.

"ఆమె ఎవరు? నీ పై ఇంజినీరా, డీఈనా?"

"అసొంటిదే."

పాండురంగం తల ఊపాడు. మగ్గు చుట్టూ రెండు చేతులూ పెట్టి కాచుకున్నాడు. తర్వాత కొడుకు ముఖం చూడకుండా అన్నాడు.

"ఇరవై ఎనిమిదేండ్లు కాదు బిడ్డా. పధ్నాలుగే."

"ఏంది?"

"నా సర్వీసు. ఆమెకు నువ్వు ఇరవై ఎనిమిదని చెప్పినవ్ గద. పధ్నాలుగే."

సదానందం లెక్క వేసుకున్నాడు. "అరవై ఏడుల చేరినవ్, తొంభై ఐదుల రిటైరైనవ్. ఇరవై ఎనిమిది గద."

"చేరింది అరవై ఏడులనే. నౌకరిల కాదు. ఎన్‌ఎమ్మార్ కూలి. మస్టరు పట్టీల పేరుంటది. ఆ దినం పనికి పోతె ఆ దినం కూలి. పోకుంటె లేదు. నన్ను పర్మనెంటు చేసింది ఎనభై ఒకటిల. నువ్వు ఇంజినీరింగుల చేరిన ఏడు."

"మరి నువ్వు దినాం ఏసుకున్న సర్కారు ఖాకీ అంగీ?"

"అది నేనే కుట్టిచ్చుకున్న." పాండురంగం చిన్నగా నవ్వాడు. "కాలువ మీద అందరు ఏసుకుంటరు గద, నేను సుత ఏసుకున్న. ఊళ్లె అందరు సర్కారు నౌకరని అనవట్టిరి. ఒక్కపారి కాదనకుంటె, ఇగ తర్వాత ఎట్ల చెప్తవ్? నీ బడి కాయితంల తండ్రి పని అని రాసే కాడ పంతులు సర్కారు ఉద్యోగి అని రాసిండు. నేను పక్కకే నిలబడి ఉన్న."

"అమ్మకు?"

"యాదమ్మకు తెల్వకుంట ఉంటదా? మార్చి వస్తె ఆమెకు అన్నం పోకపోయేది. ముప్పై ఒకటికి మస్టర్ బందు చేస్తుండిరి. ఏప్రిల్ల మల్ల ఎప్పుడు తెరుస్తరో, తెరిస్తె అండ్ల నా పేరుంటదో ఉండదో, ఎవ్వనికెరుక? ఒక ఏడు పదిహేను దినాలకే తెరిచిన్రు. ఒక ఏడు జూన్ దాక తెరవలే."

ఏప్రిల్ నెల. చిన్నప్పుడు సదానందానికి అన్నిటికంటే ఇష్టమైన నెల అది. ఆ నెలలో నాయిన ఇంట్లో ఉండేవాడు. సైకిలు నేర్పింది ఏప్రిల్లో. బావిలో దింపి ఈత నేర్పింది ఏప్రిల్లో. సర్కారు వాళ్లు నాయినకు ప్రతి ఏడూ ఎండాకాలం సెలవులిస్తారని తోటి పిల్లలకు గొప్పగా చెప్పుకునేవాడు. ఆ రోజుల్లో అమ్మ ఎందుకంత తక్కువ మాట్లాడేదో ఇన్నేళ్లలో ఎన్నడూ ఆలోచించలేదు.

"నాకెందుకు చెప్పలే నాయినా?"

"ఏమని చెప్పాలె? నీ తండ్రి రేపు పనికి పోతడో పోడో తెల్వదని చెప్పాల్నా?" పాండురంగం మగ్గులోకి చూశాడు. "సిగ్గయింది బిడ్డా. అంతే."

సిగ్గు అన్న మాట విని సదానందం తల దించుకున్నాడు. తను గిడ్డంగిలో పెట్టెలు మోసిన రోజుల్లో కరీంనగర్‌కు ఫోన్ చేసి చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. అటు తీగ చివర ఆ మాటలు విన్న మనిషి కూడా పధ్నాలుగేళ్లు ఇలాగే నిజం దాచాడన్నమాట.

"పధ్నాలుగేండ్లు ఎట్ల ఉన్నవ్?"

"ఉన్న. ఏం చేస్త. మొదట రెండు మూడేండ్లు మస్తు బుగులైతుండె. పక్కోనికి పర్మనెంటు అయితదేమో, నాకు గాదేమో అని. తర్వాత ఒక చిన్న ఇంజినీరు, ఏఈ సారు, వచ్చిండు, మంచోడు. నాకు లెవెల్ మిషన్ పెట్టి కొలత చూసుడు నేర్పిండు. ఏడో తరగతి సదివిన నాకు! అది వచ్చినంక బుగులు తగ్గింది. నౌకరి అయితదని కాదు. ఏప్రిల్ అయిపోయి మస్టర్ తెరవంగనే, ఏ ఇంజినీరైనా 'పాండురంగమేడి' అని అడగవట్టిరి. దాంతోని ధైర్యమొచ్చింది."

బయట లారీ ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. సదానందం మెల్లగా అడిగాడు. "ఇదంత పడ్డోనివి, మరి నన్నెందుకు పొమ్మంటున్నవ్?"

"పడ్డోన్ని గనుకనే పొమ్మన్న. నేను పడ్డది నా కొడుకు పడొద్దని." పాండురంగం మొదటిసారి కొడుకు కళ్లలోకి చూశాడు. "గని ఇయ్యాల ఆడ గోడ కాడ నిలబడి చూసిన. నువ్వు ఫోన్ల ఏందో చెప్పినవ్. ఏడనో గేటు దిగింది. నీళ్లు ఆగినయ్. ఆ పెద్దామె వచ్చి నిన్ను తప్పువట్టలే, సంజాయిషీ అడగలే. నా డివిజన్ల పెద్ద ఇంజినీరు ఈఈ మాటకు సుత అంత తొందరగ గేటు దిగకపోయేది."

సదానందం నవ్వబోయి ఆగిపోయాడు.

"టికెట్ తీపిచ్చుడు తప్పయిందని అంటలేను," అన్నాడు పాండురంగం, టీ చివరి గుక్క తాగి. "నువ్వు పోతె సంతోషపడ్త. పోకుంటె మాత్రం బుగులు పడ. ఇగ నీ ఇష్టం."

* * *

ఆ మర్నాడు గురువారం. శుక్రవారం నుంచి ఈస్టర్ సెలవులు. ఆఫీసు తెరవగానే సదానందం గ్వెన్ గదికి వెళ్లాడు. ఐదేళ్లలో ఇక్కడ ఎవరితోనూ తన సంగతి చెప్పుకోలేదు. టెంపరరీ మనిషికి అడిగే హక్కు ఎక్కడిదన్న బెదురు. ఇవాళ మెమో తీసి ఆమె ముందు పెట్టి, దాన్ని ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు.

గ్వెన్ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "ఇది నెత్తిన పెట్టుకునా ఇన్ని రోజులూ పనికి వచ్చావు? నాకెందుకు చెప్పలేదు?"

"ఇంటర్వ్యూ ముందుకు జరపమని అడుగుతున్నట్టు ఉంటుందని."

"జరపలేను. ఐదుగురికీ ఒకే రోజు, ఒకే ప్రశ్నలు. నిన్న నువ్వు చేసింది కూడా ఆ గదిలో నువ్వు చెప్తేనే లెక్కలోకి వస్తుంది. పోస్టు నీకే వస్తుందని నేను మాటివ్వను. ఇస్తే అబద్ధం అవుతుంది."

"తెలుసు."

"నా చేతిలో ఉన్నది ఒకటుంది." ఆమె సొరుగులోంచి ఒక ఫారం తీసింది. "నీ గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది కదా. ఇంటర్వ్యూలో ఏమైనా సరే, ఆరు నెలలు పొడిగిస్తున్నాను. ఈసారి మూడు కాదు. వాగులన్నిటికీ ఇలాంటి గేట్లు ఎక్కడున్నాయో నాకు పటం కావాలి. ఆ పని తెలిసింది నీకే."

పెద్ద వరమేమీ కాదది. ఆరు నెలలే. అయినా సదానందం మెట్లు దిగుతుంటే, నెల రోజులుగా భుజాల మధ్య బిగుసుకున్నదేదో వదులైంది. 'పాండురంగమేడి' అని అడిగిన ఇంజినీర్ల గొంతు ఎలా ఉండి ఉంటుందో అతనికి ఇప్పుడు తెలిసింది.

పూట సెలవు చెప్పి, పది గంటలకల్లా ఇంటికొచ్చాడు. వరలక్ష్మి లేట్ షిఫ్టుకు తయారవుతోంది.

"నేను పోను," అన్నాడు.

ఆమె జడ వేసుకుంటున్న చేతులు ఆగాయి. "నా కోసమా?"

"కాదు. నీ కోసమని ఉంటె, రేపు ఎప్పుడన్న కోపమొచ్చిన దినాన నిన్నంట. నేను నా కోసమే ఉంటున్న. ఐదున ఆ పోస్టు రాకపోవచ్చు. రాకుంటె సుత ఇక్కడనే చూసుకుంట."

వరలక్ష్మి దగ్గరికొచ్చి అతని కోటు కాలరు సవరించింది. "ఐదేండ్లల నువ్వు గిట్ల సాఫ్‌గ ఎన్నడు మాట్లాడలే," అంది. చాలా సంతోషం వేసినప్పుడు తప్ప ఆమె భర్తను నువ్వు అనదు.

అతను కూర్చుని ఉత్తరం రాశాడు. గడువులోగా చేరలేకపోతున్నాననీ, తన రాజీనామాను ఆమోదించాలనీ నాలుగు వాక్యాలు. సంతకం కింద 'సహాయ కార్యనిర్వాహక ఇంజినీరు' అని రాసేటప్పుడు కలం కాసేపు ఆగింది. ఆ హోదా చివరిసారి రాస్తున్నాడు. తండ్రికి చదివి వినిపించాడు. పాండురంగం విని, "అక్షరాలు మంచిగొచ్చినయ్," అని మాత్రం అన్నాడు.

అక్కడ అప్పటికే సాయంత్రం నాలుగు, కరీంనగర్‌లో ఆఫీసు మూసేలోగా ఫ్యాక్స్ చేయాలి. వీధి చివర పేపర్ల దుకాణంలో మిషన్ ఉంది. పావు తక్కువ పదకొండుకు భార్యాభర్తలిద్దరూ కలిసే బయల్దేరారు, ఆమె బస్‌స్టాపుకూ, అతను దుకాణానికీ. పాండురంగం కిటికీ దగ్గర నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు. ఒకే గొడుగు కింద ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ వెళ్తున్నారు.

ఆయన సోఫా వైపు తిరిగాడో లేదో, ఫోన్ మోగింది.

"హలో, సదానందం సారున్నరా?"

"లేడు. బయటికి పోయిండు. నేను వాళ్ల నాయినను."

"పెద్దయ్యా! నేను బాపురావును. సారు ఆఫీసుల సూపరింటెండెంటును. మంచిగున్నరా?" గొంతులో ఉత్సాహం పొంగుతోంది. "సారుకు జల్ది చెప్పున్రి. ప్రమోషన్ల లిస్టు ఇప్పుడే వచ్చింది హైదరాబాదు నుంచి. అండ్ల సారు పేరు మూడోది! డిప్యూటీ ఇంజినీరు! పోస్టింగు సుత కరీంనగర్లనే. ముప్పై ఒకటి లోపు వచ్చి చేరాలె, గంతే. చేరకుంటె కింది పేరుకు పోతది. వింటున్నరా పెద్దయ్యా?"

"వింటున్న," అన్నాడు పాండురంగం.

ఫోన్ పెట్టేశాక కూడా ఆయన చెయ్యి దాని మీదే ఉంది. డిప్యూటీ ఇంజినీరు, అంటే డీఈ. ఎంతమంది డీఈల జీపు తలుపు తీశాడు తను? ఎంతమంది వెనక ఎండలో కొలత కర్ర పట్టుకుని నడిచాడు? ఆ కుర్చీలో తన కొడుకు. యాదమ్మ బతికుంటే ఈ మాట వినగానే గడప దగ్గరే కూలబడిపోయి ఏడ్చేది.

చెబితే పోతాడేమో. ఇందాక గొడుగు కింద నవ్వుకుంటూ వెళ్లిన ఇద్దరూ చెరో దేశంలో పడతారేమో. చెప్పకపోతే ఆ కాగితం వెళ్లిపోతుంది, వీడికి ఎన్నటికీ తెలియదు. తెలియకపోవడమే మేలేమో. నిన్న కేఫ్‌లో 'నీ ఇష్టం' అన్నది తనే కదా. ఏం తెలుసని ఇష్టపడతాడు వాడు, సగం సంగతే తెలిస్తే?

పాండురంగం గడియారం చూశాడు. కోటు గుండీలు పెట్టుకోలేదు. లేసులు కట్టకుండానే బూట్లలో కాళ్లు దూర్చి వీధిలోకి వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి తడిసిన పేవ్‌మెంటు మీద పరుగులాంటి నడకతో పోతుంటే, పాలసీసాలు తీసుకుంటున్న పక్కింటామె ఏమైందని అడిగింది. ఆయన ఆగలేదు.

దుకాణం అద్దంలోంచి కొడుకు వీపు కనిపించింది. దుకాణదారు నంబరు నొక్కుతున్నాడు. కాగితం మిషన్ మూతిలో నిలబడి ఉంది.

పాండురంగం తలుపు తోశాడు.

"ఆగు బిడ్డా!"

సదానందం ఉలిక్కిపడి తిరిగాడు. "ఏమైంది నాయినా? ఎందుకురికొచ్చినవ్? పిల్లకేమన్న అయిందా?"

"ఎవ్వరికేం కాలే." పాండురంగం కౌంటరు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "పంపుడు పంపకపోవుడు నీ ఇష్టం. నిన్ననే చెప్పిన. గని ముందుగాల ఇది విను. బాపురావు ఫోన్ చేసిండు. నిన్ను డిప్యూటీ ఇంజినీరును చేసిన్రు. కరీంనగర్లనే. ముప్పై ఒకటి లోపు పోతెనే."

సదానందం తండ్రి ముఖంలోకి చూశాడు. అక్కడ పొమ్మన్న మాటా లేదు, ఉండమన్న మాటా లేదు. గర్వం ఒక్కటే ఉంది, దాచుకోవాలనుకున్నా దాగనంత.

నంబరు కలిసింది. మిషన్ సన్నగా కూత పెట్టింది. దుకాణదారు ఆకుపచ్చ బటన్ మీద వేలుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"పంపనా, వద్దా?" అని అడిగాడు.

సదానందం చెయ్యి మిషన్ వైపు కదిలింది.

(ఇంకా ఉంది)